ఆవిరి ముందు, నూనె తర్వాత: యోకొహామా కప్ నూడుల్స్ మ్యూజియంలో మా కుటుంబం

కప్ నూడుల్స్ మ్యూజియంలో మన చేతులతోనే నూడుల్స్ చేయించే చికెన్ రామెన్ ఫ్యాక్టరీలో చోటు దొరికాకే యోకొహామా ప్రయాణం పెట్టుకోండని, ఈ మ్యూజియం గురించి నన్ను అడిగిన ప్రతి తెలుగు కుటుంబానికీ చెబుతుంటాను. లోపలికి వెళ్లడానికి పెద్దలకు 500 యెన్ల టికెట్ చాలు, హైస్కూలు వయసు దాకా పిల్లలకు అదీ అక్కరలేదు. కానీ ఆ టికెట్‌తో దొరికేది చూడడం మాత్రమే. చేయడానికి వేరే డబ్బు, వేరే సమయం, వేరే వరుస. కప్పు మీద బొమ్మ వేసి మనకు నచ్చిన సూపు పోయించుకునే ‘మై కప్ నూడుల్స్ ఫ్యాక్టరీ’కి మనిషికి 500 యెన్లు. పిండి కలపడం మొదలుకొని నూనెలో వేయించడం దాకా సాగే చికెన్ రామెన్ ఫ్యాక్టరీకి మేము వెళ్లినప్పుడు పెద్దలకు 1000, ప్రాథమిక పాఠశాల పిల్లలకు 600 యెన్లు. రెండోదానికి ముందుగా చోటు ఖాయం చేసుకోవాలి. సెలవు రోజుల్లో చోట్లు చాలా ముందే నిండిపోతాయి. మంగళవారం మ్యూజియం మూసి ఉంటుంది. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు వారం మధ్యలో ఖాళీగా ఉంటుందని బయలుదేరేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి.

మేము ఉండేది తోక్యోలోని నిషి-కసాయ్‌లో. భారతీయ కుటుంబాలు ఎక్కువగా ఉండే పేట కాబట్టి, శనాదివారాల్లో పిల్లలను ఎక్కడికి తీసుకెళ్లాలన్నది ఇక్కడి తల్లుల మధ్య ఎప్పుడూ నడిచే చర్చే. జపాన్‌లో ఆహార కర్మాగారాలను పిల్లలకు చూపించడం పెద్ద ఆనవాయితీ. మయొనైజ్ చేసేవారు, బీరు కాచేవారు, చాక్లెట్ చేసేవారు, అందరూ తలుపులు తెరిచే ఉంచుతారు. బడి పిల్లలు తరగతులుగా వెళ్లి చూసి, నోటు పుస్తకాల్లో రాసుకుని వస్తారు. వాటిలో కొన్నింటికి మేమూ వెళ్లాం. చాలాచోట్ల ఎత్తైన నడవాలో నిలబడి, కింద తిరిగే యంత్రాలను అద్దంలోంచి చూడడమే ఉంటుంది. పిల్లలకు అది కొద్దిసేపే బాగుంటుంది. ఇక్కడ అలా కాదు.

అమ్మ రాజమండ్రి నుంచి వచ్చి ఉంది. మా అమ్మాయికి ఎనిమిదేళ్లు, అబ్బాయికి నాలుగు. అమ్మ శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టదు. అలాంటి మనిషిని నూడుల్స్ మ్యూజియంకు తీసుకెళ్తే ఏం చేస్తుందని మావారు సందేహించారు. “తినకపోతే ఏం, చూస్తాను” అంది అమ్మ. పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని తోక్యో స్టేషన్ దగ్గర జేఆర్ రైలు మారి సకురాగిచోలో దిగాం. అక్కడి నుంచి పన్నెండు నిమిషాల నడక. పాత రైలు పట్టాలను అలాగే ఉంచి నీటి మీదుగా కాలిబాటగా మార్చారు, దాని మీద నడుస్తుంటే ఎదురుగా పెద్ద జెయింట్ వీల్, తల మీద రోప్‌వే పెట్టెలు. పిల్లవాడు అక్కడే ఆగిపోతానన్నాడు. చిన్నపిల్లలుంటే స్టేషన్ నుంచి మ్యూజియంకు చేరడానికి ఇంకో పది నిమిషాలు కలుపుకోండి.

భవనం బయటికి ఎర్ర ఇటుకల పెట్టెలా ఉంటుంది, లోపల అంతా తెలుపు. 2011లో తెరిచారు. నిస్సిన్ సంస్థను స్థాపించిన మొమొఫుకు ఆందో జీవితమే ఈ మ్యూజియంకు వెన్నెముక. మొదట చూసే గదిలో నాలుగు గోడలా నూడుల్స్ పొట్లాలే. 1958లో వచ్చిన మొదటి చికెన్ రామెన్ పొట్లం నుంచి మొదలై ఏళ్ల వరుసలో పేర్చుకుంటూ పోయారు. మొదట్లో గోడ మీద చోటు బోలెడంత ఖాళీ, ఒక్కో ఏడాదికి ఒకటో రెండో. పోనుపోను కిక్కిరిసిపోయి వేల పొట్లాలు. మన ఇళ్లలో టాప్ రామెన్ అని కొనుక్కునే పొట్లం కూడా ఈ సంస్థదేనని చెబితే మా అమ్మాయి ఆ పేరు కోసం గోడలన్నీ వెతకడం మొదలుపెట్టింది. ప్రపంచంలో ఏటా అమ్ముడయ్యే ఇన్‌స్టంట్ నూడుల్స్ ఇప్పుడు పన్నెండు వేల కోట్ల పూటలకు పైమాటే. వాటిని ఎక్కువగా తినే దేశాల ముందు వరుసలో మన దేశమూ ఉంది.

ఆ గది దాటాక ఒక చెక్క గుడిసె. నన్ను అన్నిటికన్నా ఎక్కువసేపు నిలబెట్టింది అదే. ఒసాకా పక్కన ఇకెదా ఊళ్లో ఆందో ఇంటి పెరట్లో ఉన్న గుడిసెకు నమూనా. ఒక మూకుడు, నూడుల్స్ కోసే చేతి యంత్రం, డబ్బాలు, తూకం, గిన్నెలు. ఇంతే. పిల్లలు లోపలికి తొంగిచూసి “ఇక్కడా?” అన్నారు. ఇక్కడే.

ఆందో 1910లో తైవాన్‌లో పుట్టారు, అప్పుడది జపాన్ పాలనలో ఉండేది. నానమ్మ తాతయ్యల దగ్గర పెరిగి, ఒసాకా వచ్చి రకరకాల వ్యాపారాలు చేశారు. యుద్ధం ముగిశాక ఒసాకా ఉమెదా స్టేషన్ వెనక దొంగ బజారులో ఒక రామెన్ బండి ముందు చలిలో బారులు తీరిన జనాన్ని చూశారు. ఒక గిన్నెడు వేడి నూడుల్స్ కోసం అంతసేపు నిలబడతారా అని ఆయనకు కలిగిన ఆశ్చర్యం దాదాపు పదేళ్ల పాటు మనసులోనే ఉండిపోయింది. 1957లో ఆయన అధ్యక్షుడుగా ఉన్న పరపతి సంఘం దివాలా తీసింది. ఇల్లు తప్ప ఆస్తి అంతా పోయింది. వయసు అప్పటికి నలభై ఏడు. ఆ ఇంటి పెరట్లోనే గుడిసె వేసుకుని, ఇంట్లో వేడినీళ్లుంటే చాలు తినగలిగే నూడుల్స్ కోసం ఒక్కరే ప్రయోగాలు మొదలుపెట్టారు. రుచిగా ఉండాలి, నిల్వ ఉండాలి, సులువుగా సిద్ధం కావాలి, చవకగా ఉండాలి, ఆరోగ్యానికి హాని లేనిదై ఉండాలి. ఆయన పెట్టుకున్న ఐదు నియమాలూ ఇవే. ఈ ఐదింటిలో నాలుగు సాధించి ఒకటి వదిలేస్తే ఆ గుడిసెకు ఇవాళ నమూనా కట్టేవారు కారు.

అక్కడి వివరణలు చదువుతూ మా అమ్మాయికి తెలుగులో చెప్పుకుంటూ వెళ్లాను. సూపును పిండిలోనే కలిపి చూశారు, నూడుల్స్ ముక్కలు ముక్కలుగా తెగిపోయాయి. ముందు నూడుల్స్ చేసి ఆవిరి మీద ఉడికించి, తర్వాత సూపులో ముంచారు, అన్నీ ఒకదానికొకటి అంటుకుపోయాయి. చివరికి మొక్కలకు నీళ్లు పోసే జల్లు డబ్బాతో సూపును నూడుల్స్ మీద చిలకరించి, చేత్తో కలిపి విడదీయడం అన్న ఉపాయం దొరికింది. ఇక మిగిలింది ఆరబెట్టడం. ఎండబెట్టారు, ఉప్పు పట్టించారు, పొగ పెట్టారు. నిల్వ ఉంటే తిరిగి నానదు, నానితే నిల్వ ఉండదు. ఒకరోజు భార్య మసాకో వంటింట్లో మన బజ్జీల్లాంటి తెంపురా వేయిస్తుంటే, పిండి పూత నూనెలో పడగానే నీటిని బుడగలుగా వదలడం ఆయన చూశారు. నీరు పోయిన చోట సన్నటి రంధ్రాలు మిగులుతాయి. వేడినీళ్లు పోస్తే ఆ రంధ్రాల్లోంచే నీరు మళ్లీ లోపలికి వెళ్తుంది. ఆరబెట్టడం, నానడం రెంటికీ ఒకటే దారి. 1958 ఆగస్టు 25న చికెన్ రామెన్ మార్కెట్లోకి వచ్చింది, ధర 35 యెన్లు. అప్పట్లో ఒక పూట ఉదోన్ అనే లావు నూడుల్స్ ఆరు యెన్లకే దొరికేది కాబట్టి టోకు వ్యాపారులు పెదవి విరిచారు. కొన్నవాళ్లు మాత్రం మళ్లీ మళ్లీ కొన్నారు.

ఇదంతా విని మా అమ్మాయి ఒక ప్రశ్న వేసింది. “ఎలాగూ నూనెలో వేయిస్తారు కదా, మరి ముందు ఆవిరి మీద ఎందుకు ఉడికించాలి?” నాకు వెంటనే జవాబు తోచలేదు. పైఅంతస్తులో చికెన్ రామెన్ ఫ్యాక్టరీకి మా సమయం అయింది, అక్కడ తెలుస్తుందిలే అన్నాను. నిజంగానే తెలిసింది.

ప్రాథమిక పాఠశాల వయసు నుంచి మాత్రమే అందులోకి రానిస్తారు. కాబట్టి మావారు అబ్బాయిని తీసుకుని కప్ నూడుల్స్ పార్కు అనే ఆటస్థలానికి వెళ్లారు. అమ్మ అద్దాల గోడ బయట బల్ల మీద కూర్చుంది. మేమిద్దరం ఒక జంటగా లోపలికి. చేతులు మోచేతుల దాకా కడిగించి, ఏప్రన్లు కట్టించి, తలకు పసుపు పచ్చటి కోడిపిల్ల బొమ్మ ఉన్న గుడ్డ కట్టారు. ఆ కోడిపిల్ల చికెన్ రామెన్ గుర్తు, పేరు హియోకో-చాన్. తలగుడ్డ మనమే ఇంటికి తెచ్చుకోవచ్చు. మాటలన్నీ జపనీస్‌లోనే, కానీ ప్రతి పనీ ముందు నిలబడి చేసి చూపిస్తారు, బల్ల బల్లకూ వచ్చి చూస్తారు. భాష రాని తాతయ్య అయినా వెనకబడడు.

మొదటి పని గోధుమపిండిలో నీళ్లు కలపడం. అవి మామూలు నీళ్లు కావు, ఉప్పూ క్షారమూ కలిసినవి. రామెన్‌కు సాగే గుణం వచ్చేది వాటితోనే. చపాతీ పిండిలా ముద్దయ్యేదాకా నీళ్లు పోయరు. వేళ్లతో వేగంగా కలుపుతూ ఉంటే తడి రవ్వలా అవుతుంది, అంతే. ఇది సరిగ్గా కలవలేదేమోనని నేను అనుకుంటుంటే సహాయకురాలు వచ్చి చూసి తల ఊపి, ఇలాగే ఉండాలంది. ఆ రవ్వనే గుప్పిళ్లతో నొక్కి నొక్కి ముద్ద చేయాలి. పిల్లల చేతుల బలం చాలదు, జంటగా పెట్టడం అందుకే. మా అమ్మాయి కుర్చీ పీట మీద నిలబడి ఒంటి బరువంతా వేసి నొక్కింది.

తర్వాత చేతితో తిప్పే రోలర్ యంత్రం. ఒకరు పిండిని లోపలికి పెట్టాలి, ఇంకొకరు పిడి తిప్పాలి. మొదటిసారి బయటికి వచ్చిన పలక అంచులు చిరిగి, మధ్యలో బొక్కలతో దీనంగా ఉంది. మడత పెట్టి మళ్లీ పెట్టాం. మళ్లీ మడత. ఒక్కో మడతకూ పలక నునుపెక్కుతూ వచ్చింది. చివరికి తాకితే చెవి తమ్మెలంత మెత్తగా ఉంది. మా అమ్మాయి పిడి తిప్పడం ఆపి చేత్తో నిమురుతూ నిలబడింది. ఒకే పిండి, కొత్తగా ఏమీ కలపలేదు, మడతలూ ఒత్తిడీ తప్ప. గోధుమలోని జిగురు ఒక దిక్కుగా సర్దుకోవడమే ఈ మార్పుకు కారణం. ఆ మాట పుస్తకంలో చదివితే తనకు ఎంత ఎక్కేదో కానీ, వేళ్లకు మాత్రం బాగా ఎక్కింది.

పిండిని సంచీలో పెట్టి కాసేపు విశ్రాంతి ఇస్తారు. ఆ సమయం వృథా కాకుండా పొట్లాల మీద బొమ్మలు వేయమని రంగులు ఇస్తారు. జపాన్‌లో ఇలాంటి అమరిక చూసినప్పుడల్లా నాకు మెచ్చుకోబుద్ధేస్తుంది. పిల్లలు విసుక్కునే ఖాళీ ఎక్కడ వస్తుందో ముందే ఊహించి, అక్కడ వాళ్లకు ఇష్టమైన పని పెడతారు. అమ్మాయి ఒక వైపు కోడిపిల్లను వేసి, రెండో వైపు తెలుగులో తన పేరు రాసింది. పక్క బల్ల దగ్గరి జపనీస్ పాప వచ్చి ఆ గుండ్రటి అక్షరాలను వేలితో చూపిస్తూ ఏదో అడిగింది. ఇద్దరూ కలిసి ఆ పాప పేరు కూడా తెలుగులో రాసుకున్నారు.

పలకను ఇంకా సన్నగా ఒత్తి, పళ్లున్న భాగంలోంచి పంపితే నూడుల్స్ దిగుతాయి. ఒకరు తిప్పుతుంటే ఒకరు జానెడు పొడవు రాగానే కత్తెరతో కత్తిరించాలి. తూకం వేసి, చేత్తో పైకెత్తి విదిలించి, నలిపి వంకీలు తిప్పాలి. ఇన్‌స్టంట్ నూడుల్స్ ఎందుకు వంకీలుగా ఉంటాయో నేను ఎన్నడూ ఆలోచించలేదు. తిన్నగా ఉంటే పక్కపక్కనే అతుక్కుపోతాయి. వంకీల మధ్య ఖాళీ ఉంటే ఆవిరి, సూపు, నూనె, చివరికి మన ఇంట్లో పోసే వేడినీళ్లు, అన్నీ లోపలికి వెళ్తాయి.

అప్పుడు ఆవిరి. బుట్టలన్నీ తీసుకెళ్లి ఆవిరి పెట్టెలో పెట్టారు. తెరిచినప్పుడు గది అంతా ఉడికిన గోధుమ వాసన. పచ్చిగా, తెల్లగా వెళ్లిన నూడుల్స్ నిగనిగలాడుతూ, కాస్త ఉబ్బి, పారదర్శకంగా వచ్చాయి. వాటి మీద సూపు పోసి వేళ్లతో కలిపి విడదీయమన్నారు. గుడిసెలో చదివిన జల్లు డబ్బా కథ ఇప్పుడు మా చేతుల్లో జరుగుతోంది. విడదీయడం ఆపితే అతుక్కుపోతున్నాయి, ఆపకుండా కలపాలి. ఆ పని మీద పడి మా అమ్మాయి తన ప్రశ్న సంగతే మర్చిపోయిందనుకున్నాను.

జల్లెడ లాంటి అచ్చుల్లో నూడుల్స్ సర్దాక మన పని అయిపోతుంది, నూనె దగ్గరికి పిల్లలను రానివ్వరు. సిబ్బందే వేయిస్తారు, మనం అద్దం ఇవతల నిలబడి చూస్తాం. నూనె వేడి దాదాపు 160 డిగ్రీలు. అచ్చు దించగానే బుడగలు కుతకుతమని పైకి పొంగాయి. బయట బల్ల మీద ఉన్న అమ్మ లేచి అద్దానికి దగ్గరగా వచ్చింది. లోపల నేను, బయట తను, మధ్యలో గాజు. బుడగలు సన్నబడుతుండగా తను వేలు పైకెత్తి సైగ చేసింది. ఆ క్షణానికే అక్కడి అమ్మాయి అచ్చును పైకి తీసింది. వంట తెలిసిన కళ్లకు గడియారం అక్కరలేదు.

బయటికి రాగానే అమ్మాయి మళ్లీ అదే అడిగింది, ఈసారి అమ్మమ్మను. “ముందు ఆవిరి ఎందుకు అమ్మమ్మా?”

అమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. “పిండి వడియాలు పెట్టేటప్పుడు ఏం చేస్తాను? ముందు పిండిని ఉడకబెడతాను, తర్వాత ఎండబెడతాను. పచ్చిపిండి ఎండబెడితే అది మళ్లీ పచ్చిపిండే. ఉడికింది ఎండబెడితే ఉడికినట్టే ఉంటుంది. వీళ్లకు ఎండ లేదు, నూనె ఉంది. అంతే తేడా.”

శాస్త్రం చెప్పేదీ ఇదే. ఆవిరి తగిలినప్పుడు గోధుమలోని గంజి పదార్థం నీరు పీల్చుకుని ఉబ్బి, మనకు అరిగే రూపానికి మారుతుంది. ఆ రూపంలో ఉండగానే నీటిని చప్పున లాగేస్తే అది అలాగే నిలిచిపోతుంది. కాబట్టి మన ఇంట్లో మూడు నిమిషాలు వేడినీళ్లు పోసి మూత పెట్టడం వండడం కాదు, వండి ఆరబెట్టినదానికి నీళ్లు తిరిగి ఇవ్వడం. ఆవిరి ముందు, నూనె తర్వాత. ఈ వరుస తప్పితే రెండు నిమిషాల నూనె మంటకు లోపల పచ్చిదనం పోదు, వేడినీళ్లకు అది ఉడకదు. ఒక వస్తువు ఎలా తయారవుతుందో చూపించే చోట్లు చాలా ఉన్నాయి. ఈ వరుస ఇలాగే ఎందుకుండాలో పిల్లల చేత అడిగించే చోటు నేను చూసినంతలో ఇదొక్కటే. అద్దంలోంచి చూస్తే ఆ ప్రశ్న పుట్టదు. తన చేతులతో నలిపి, వంకీలు తిప్పి, ఆవిరికి అప్పగించి, మళ్లీ చేతుల్లోకి తీసుకున్న పిల్లకే పుడుతుంది.

మధ్యాహ్నం కాసేపు బయటికి వచ్చాం. దగ్గర్లోనే ఎర్ర ఇటుకల పాత గిడ్డంగులున్నాయి, వందేళ్లు దాటిన కట్టడాలు, ఇప్పుడు దుకాణాలు. వాటి ముందు సముద్రం వైపు బల్లల మీద కూర్చుని పులిహోర తిన్నాం. శాకాహారులకు నేను ఖచ్చితంగా చెప్పేది ఇదే: తిండి వెంట తీసుకెళ్లండి. మ్యూజియంలో నాలుగో అంతస్తులో రకరకాల దేశాల నూడుల్స్ అమ్మే అంగళ్లు ఉన్నాయి. రాత్రి సంతలా అలంకరించిన చోటు, మాంసం తినేవారికి పండగే. కప్ నూడుల్స్ సూపు పొడుల్లో పంది, కోడి, సముద్రపు జీవాల సారాలు ఉంటాయి. పైన వేసుకునే ముక్కల్లో మొక్కజొన్న, ఉల్లికాడలు ఉన్నా, అడుగున సూపు మాత్రం అదే. మాంసం తిన్నా పంది, గొడ్డు మాంసం ముట్టని కుటుంబాలు కూడా వివరాల కాగితం అడిగి చూసుకోవడం మంచిది. అడిగితే విసుక్కోరు, వేలు పెట్టి ఒక్కో గుర్తూ చూపిస్తారు.

మధ్యాహ్నం కప్పుల వంతు. యంత్రంలో డబ్బు వేసి ఖాళీ కప్పు తీసుకుని, రంగు కలాలున్న బల్లల దగ్గర కూర్చోవాలి. అమ్మ కూడా ఒకటి తీసుకుంది. తినేది అల్లుడైనా కప్పు తనదేనని చెప్పి, చుట్టూ ముత్యాల ముగ్గు వేసింది. చుక్కలు పెట్టి, గీతలు కలుపుతూ, కప్పును తిప్పుకుంటూ, ఎక్కడా చెయ్యి ఎత్తకుండా మొదలుపెట్టిన చోటికి వచ్చి కలిపింది. గుండ్రంగా ఉండేదాని మీద ముగ్గు అతుకు కనబడకుండా ముగించడం ఎంత కష్టమో వేసేవారికి తెలుస్తుంది. ఎదురు బల్ల దగ్గరి నలుగురైదుగురు లేచి వచ్చి చూశారు. ఒకావిడ ఫొటో తీసుకోవచ్చా అని సైగతో అడిగింది. అమ్మ కప్పును రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

నూడుల్స్ నింపే చోట మా అమ్మాయికి ఇంకో కొత్త సంగతి ఎదురైంది. కప్పులో నూడుల్స్ పడేస్తారనే మనం అనుకుంటాం. అలా కాదు. నూడుల్స్ ముద్దను కింద పెట్టి, కప్పును బోర్లించి దాని మీదికి దించుతారు, తర్వాత రెంటినీ కలిపి తిప్పి నిలబెడతారు. ఆ పిడి పిల్లల చేతనే తిప్పిస్తారు. కప్పు పైన వెడల్పు, కింద సన్నం. పైనుంచి వదిలితే ముద్ద ఒరిగిపోయి వంకరగా ఇరుక్కుంటుంది. కప్పునే తలకిందులు చేస్తే ప్రతిసారీ తిన్నగా పడుతుంది. మంచం మీద పడుకుని ఉన్నప్పుడు పైకప్పు తిరిగినట్టు అనిపించి ఆందోకు ఈ ఊహ వచ్చిందని అక్కడ రాశారు. ఆ ముద్ద కప్పు అడుక్కి తాకదు, మధ్యలో బిగిసి ఉంటుంది. దాంతో రవాణాలో కప్పు నలగదు, వేడినీళ్లు అడుగుకు దిగి కింది నుంచి కూడా నానబెడతాయి, పైన వేసిన రొయ్యలూ కూరముక్కలూ పైనే కనిపిస్తాయి.

కప్పు అన్న ఆలోచన కూడా చూసి నేర్చుకున్నదే. 1966లో ఆందో అమెరికా వెళ్లినప్పుడు అక్కడి దుకాణదారులకు పెద్ద గిన్నెలు లేవు. చికెన్ రామెన్‌ను విరిచి కాగితపు కప్పుల్లో వేసి, వేడినీళ్లు పోసుకుని ఫోర్కుతో తిన్నారు. ఐదేళ్ల తర్వాత, 1971 సెప్టెంబరు 18న కప్ నూడుల్ వచ్చింది, 100 యెన్లు. 1972 ఫిబ్రవరిలో అసామా-సన్సో అనే కొండ విడిది దగ్గర బందీల ఉదంతం రోజుల తరబడి టీవీలో ప్రసారమైంది. గడ్డకట్టే చలిలో నిలబడిన పోలీసులు వేడివేడి కప్పులు పట్టుకుని తినడం దేశమంతా చూసింది. 2005లో జపాన్ వ్యోమగామి సోయిచి నొగుచి డిస్కవరీ నౌకలో తీసుకెళ్లిన అంతరిక్ష రామెన్ కూడా ఇక్కడ ప్రదర్శనలో ఉంది. 70 డిగ్రీల నీటికే నానేలా, భారరహిత స్థితిలో చెదిరిపోకుండా ఉండలుగా, సూపు చిక్కగా చేశారు. దాన్ని తయారు చేయించినప్పుడు ఆందోకు తొంభై దాటాయి. 2007లో ఆయన కన్నుమూశారు.

నాలుగు సూపుల్లో ఒకటి, పన్నెండు రకాల ముక్కల్లో నాలుగు ఎంచుకోవాలి. మొత్తం 5,460 రకాలు సాధ్యమని గోడ మీద రాశారు. అదెలాగని మావారు అక్కడే కాగితం తీశారు. వేసిందే మళ్లీ వేసుకోవచ్చు కాబట్టి ముక్కలకు 1,365 రకాలు, దాన్ని నాలుగు సూపులతో హెచ్చిస్తే సరిగ్గా 5,460. వేసిందే మళ్లీ వేసుకోవచ్చన్న మాట మాత్రం మా అబ్బాయి చెవిన బాగా పడింది. వాడి కప్పులో నాలుగూ కోడిపిల్ల బొమ్మ ఉన్న చేప ముక్కలే. మూత అతికించి, ప్లాస్టిక్ పొర చుట్టి, వేడి గూట్లోంచి పంపాక కప్పు చేతికి వస్తుంది. దాన్ని గాలి సంచీలో పెట్టి పంపుతో గాలి కొట్టి మెడలో వేలాడదీసుకోవచ్చు. ఒక నెలలోపు తినేయాలి. ఇండియాకు తీసుకెళ్లి బంధువులకు ఇద్దామనుకునేవారు తేదీ చూసుకోవాలి.

కప్ నూడుల్స్ పార్కు సంగతి అబ్బాయి మాటల్లో విన్నదే. పిల్లలే నూడుల్స్ అయి కర్మాగారంలో ఒక్కో దశ దాటుకుంటూ వెళ్లే పెద్ద ఆటస్థలం అది. వలలు ఎక్కడం, జారడం, బంతుల మధ్య దూకడం. మూడేళ్ల నుంచి ప్రాథమిక పాఠశాల పిల్లల వరకు, సమయం అరగంట లోపే, దీనికీ వేరే టికెట్. నాలుగేళ్ల వాడికి ఇంతకన్నా ఏం కావాలి!

మేము చేసిన చికెన్ రామెన్‌ను మర్నాడు సాయంత్రం ఇంట్లో తిన్నాం. ఇంటికి పంపేటప్పుడు అంగడిలో అమ్మే పొట్లం కూడా ఒకటి ఇస్తారు, పక్కపక్కన పెట్టి చూడమని. చూశాం. అంగడిది అన్నీ ఒకే మందం. మాది కొన్ని చోట్ల లావు, కొన్ని చోట్ల సన్నం, లావున్న చోట కాస్త గట్టిగా నమలవలసి వచ్చింది. గోధుమ రుచి మాత్రం మాదాంట్లోనే ఎక్కువ తెలిసింది. గుడ్డు కొట్టి వేసి మూత పెట్టాం. మూడు నిమిషాలు అయ్యేలోగా అమ్మాయి మూత ఎత్తి ఎత్తి చూసింది. తర్వాత వారం బడిలో స్వేచ్ఛగా పరిశోధన చేసే పనికి ఇదే ఎంచుకుంది. పచ్చి పిండి ముక్క ఒకటి, ఉడికించి ఎండబెట్టిన ముక్క ఒకటి, రెండింటి మీదా వేడినీళ్లు పోసి ఏది ఎలా అయిందో బొమ్మలు గీసింది. రెండో ముక్క కింద ‘అమ్మమ్మ పద్ధతి’ అని జపనీస్‌లో రాసింది.

ఒసాకా వైపు ఉండేవారు యోకొహామా దాకా రానక్కరలేదు. ఆందో గుడిసె ఉన్న ఇకెదా ఊళ్లోనే 1999లో తెరిచిన మ్యూజియం ఉంది. ఉమెదా నుంచి హాన్‌క్యూ రైలులో ఇరవై నిమిషాలు, స్టేషన్ నుంచి ఐదు నిమిషాల నడక. లోపలికి వెళ్లడం ఉచితం, కప్పు చేయడానికీ చికెన్ రామెన్ చేయడానికీ మాత్రమే డబ్బు. యోకొహామా అంత విశాలం కాదు, ఆటస్థలమూ లేదు. కానీ ఇదంతా మొదలైన ఊరు. మా అబ్బాయి ఒకటో తరగతిలో చేరే ఏడాది అక్కడికి వెళ్లాలని అనుకున్నాం. పిడి తిప్పే పని తనకు, కత్తిరించే పని అక్కకు అని ఇద్దరూ ఇప్పుడే పంచుకున్నారు.